నలభై ఒక్క నిమిషాల రికార్డింగ్

మా అమ్మాయికి ఇండియానా యూనివర్సిటీలో సీటొచ్చిందని చెబితే పక్కింటి పిన్నిగారు "పోన్లే, ఇండియాలోనేగా, పండక్కి వచ్చిపోతుంటుంది" అన్నారు. మా గుంటూరు బ్రాడీపేటలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. అయినా ఆవిడ లెక్కలో అమెరికా అంటే టెక్సాస్, న్యూజెర్సీ. "కాదండీ, అమెరికాలోనే, బ్లూమింగ్టన్ అని ఊరు" అనేసరికి ఆవిడ మొహం చేటంత అయింది.

2022 ఆగస్టు అది. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలకి మించకూడదు. మా ఆయన పెట్టెను ఎత్తుకుని బరువు తూచే మిషనెక్కి నిలబడటం, నేను వంగి అంకె చూసి అందులోంచి ఆయన బరువు తీసేసి చెప్పటం. చివరికి గోంగూర పచ్చడి డబ్బా ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది. పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా రాత్రంతా కారులో శంషాబాద్ వెళ్లాం. గేటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్ చూసి పిల్లని లోపలికి పంపారు. మేం అద్దానికి ఇవతల. ట్రాలీ తోసుకుంటూ వెళ్తూ అది రెండుసార్లు వెనక్కి తిరిగింది, మూడోసారి తిరగలేదు. మా ఆయన పార్కింగ్ టికెట్ కోసం జేబులన్నీ వెతుకుతున్నట్టు నటించారు.

ఆ రోజుల్లో పిల్ల వెళ్లిన ఊరి గురించి ఏది కనబడినా చదివేదాన్ని. చలి ఎంత, బియ్యం ఎక్కడ దొరుకుతాయి, ఇంకేమిటి అని. అలా చదువుతుంటే జెవ్హెర్ ఇల్హామ్ అనే పేరు తగిలింది.

2013 ఫిబ్రవరి 2న, బీజింగ్ ఎయిర్‌పోర్టులో ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఇదే ఇండియానా యూనివర్సిటీకి విజిటింగ్ స్కాలర్‌గా బయల్దేరారు. పేరు ఇల్హామ్ తోహ్తీ. వెంట 18 ఏళ్ల కూతురు, ఈ జెవ్హెర్. చదువుకోటానికి కాదు, కొన్నాళ్లు నాన్నకి తోడుగా ఉండి తిరిగి వచ్చేద్దామని. అధికారులు తండ్రిని ఆపేశారు. కూతురు వెళ్లొచ్చన్నారు. నువ్వు వెళ్లు అన్నారు ఆయన. ఇంగ్లీషు కూడా సరిగా రాని పిల్ల ఒక్కతే విమానం ఎక్కింది. ఆ తండ్రీకూతుళ్లు మళ్లీ ఇంతవరకు కలుసుకోలేదు.

శంషాబాద్ అద్దం అప్పటికింకా నా కళ్లల్లోనే ఉంది కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆయన గురించి వెతికాను. పుట్టింది 1969లో. నేనూ 1969. ఆయన షిన్‌జియాంగ్‌లోని ఆర్టుష్‌లో, నేను తెనాలిలో. ఇద్దరం ఎకనామిక్సే చెప్పాం.

ఆయన ఉయ్‌ఘుర్. చైనా పడమటి కొసన, మధ్య ఆసియాని ఆనుకుని ఉన్న షిన్‌జియాంగ్‌లో ఉండే ముస్లిం జాతి అది. వాళ్ల భాష టర్కిష్‌కి చుట్టం, చైనీస్‌తో సంబంధం లేదు. ఆయన బీజింగ్‌లో, మైనారిటీ జాతుల పిల్లల కోసం పెట్టిన మిన్జు యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. ఏం చెప్పారు, ఏం రాశారు అని చూస్తే నాకు మొదట ఆశ్చర్యం, తర్వాత కొంచెం నవ్వు కూడా వచ్చాయి. షిన్‌జియాంగ్‌లో చమురు ఉంది, గ్యాస్ ఉంది, కానీ అక్కడ పుట్టిన ఉయ్‌ఘుర్ కుర్రాళ్లకి వాటిలో ఉద్యోగాలు రావటం లేదు. బయటి నుంచి వచ్చిన హాన్ వాళ్లకి, అంటే చైనాలో ఎక్కువమంది ఉండే జాతివాళ్లకి, వస్తున్నాయి. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో హాన్ వాళ్లే కావాలని బాహాటంగా రాస్తున్నారు. జాతులకి స్వపరిపాలన ఇస్తామని 1984లో మీరే చట్టం చేశారు, దాన్ని అమలు చేయండి. ఇంతే!

ఇది మన టీకొట్టు దగ్గర మాట కాదూ? ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 610 జీవో, లోకల్, నాన్‌లోకల్. తెలుగువాడికి ఇవి ఊపిరితో పాటు వచ్చే మాటలు. మా స్టాఫ్ రూములో దీనిమీద ఇద్దరు లెక్చరర్లు ఆర్నెల్లు మాట్లాడుకోటం మానేశారు, ఒకాయనది గుంటూరు, ఒకాయనది వరంగల్. ఉద్యమాలయ్యాయి, లాఠీలు విరిగాయి, పిల్లలు చచ్చిపోయారు కూడా, నేను కాదనను. కానీ నా ఉద్యోగం నాకు రావాలి అన్న మాటని వేర్పాటువాదం అని ఎవరైనా యావజ్జీవం వేస్తే మన రెండు రాష్ట్రాల్లో జైళ్లు చాలవు. ఇంతకీ తోహ్తీ ప్రత్యేక దేశం అడగలేదు. వద్దనే రాశారు. ఉయ్‌ఘుర్‌లు, హాన్‌లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని 2006లో చైనీస్ భాషలో ఒక వెబ్‌సైట్ పెట్టారు. దాన్ని మూయించటం, మళ్లీ తెరవటం ఇలా సాగింది. 2009 జూలైలో షిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్చీలో అల్లర్లు జరిగితే ఆయన్ని తీసుకెళ్లి కొన్ని వారాలు ఉంచి వదిలారు.

2014 జనవరి 15న బీజింగ్‌లో ఇంటికి వచ్చి తీసుకెళ్లిపోయారు. చంటిపిల్లల్లాంటి కొడుకులిద్దరు. జైలు ఉరుమ్చీలో. బీజింగ్ నుంచి రెండు వేల కిలోమీటర్ల పైమాటే, అంటే గుంటూరు మనిషిని పట్టుకుని ఢిల్లీ దాటించి అవతల పెట్టినట్టు. లాయరు ఆయన్ని చూడగలిగింది జూన్ 26న, ఐదు నెలల తర్వాత. మొదటి ఇరవై రోజులు కాళ్లకి సంకెళ్లు వేశారని, హలాల్ తిండి పెట్టలేదని ఆ లాయరే బయటికొచ్చి చెప్పారు. సెప్టెంబర్‌లో రెండు రోజుల విచారణ. 23న తీర్పు: వేర్పాటువాదం, యావజ్జీవ ఖైదు, ఆస్తి మొత్తం జప్తు.

నేను ఈ రాతంతా రాస్తున్నది ఇక్కడి కోసమే. ఆ కోర్టులో చూపించిన సాక్ష్యాల్లో ఆయన క్లాసురూములో చెప్పిన పాఠాల వీడియోలు ఉన్నాయి. ఆయన స్టూడెంట్ల వాంగ్మూలాలు ఉన్నాయి. ఆ తర్వాత ఆయన స్టూడెంట్లు ఏడుగురికి మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా శిక్షలు వేశారు. ఆ ఏడుగురిలో ఒకరు ఉయ్‌ఘుర్ కూడా కాదు, యీ అనే ఇంకో జాతి పిల్లాడు.

పాఠం సాక్ష్యం. వినేవాడు సాక్షి.

మా ఇంట్లో ఇలాంటి మాట మొదటిసారి నేను విన్నది ఆరేళ్లప్పుడు. నాన్నకి గుంటూరు బదిలీ అయి బ్రాడీపేటలో వెనక వాటా అద్దెకి తీసుకున్నాం. ముందు గదిలో ఒక కాలేజీ లెక్చరర్ ఉండేవారు, పెళ్లి కాలేదు, నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టి వీధి చివరి దాకా తిప్పేవారు. ఎమర్జెన్సీ వచ్చిన కొన్నాళ్లకి ఒక రాత్రి ఆయన్ని తీసుకెళ్లారు. మీసా అని పెద్దవాళ్లు గుసగుసగా అనుకుంటే అది ఎవరో ఆడమనిషి పేరనుకున్నాను, విచారణ లేకుండా లోపలేసే చట్టమని అప్పుడు తెలియదు. ఆయన సైకిలు వరండా గోడకి ఆనించి ఉండిపోయింది. మొదట వెనక టైరు దిగిపోయింది, తర్వాత ముందుది. వాన పడ్డప్పుడల్లా అమ్మ దానిమీద గోనెపట్టా కప్పేది. ఎవరైనా వచ్చి "ఇది ఎవరిదండీ" అంటే "మాదే" అనేది, నాన్న ఉలిక్కిపడేవారు. 1977 ఎన్నికల తర్వాత ఆయన తిరిగొచ్చారు. గడ్డం, సగం మనిషయ్యారు. వచ్చీరాగానే చేసిన పని ఆ సైకిలుకి గాలి కొట్టించుకురావటం. టైరు పుచ్చిపోయి గాలి నిలవలేదు. ఆ టైరు కేసి ఆయన చూసిన చూపు నాకు ఈరోజుకీ గుర్తే. పాతిక రూపాయలో ఎంతో పెట్టి కొత్తది వేయించారు.

మనది ఇరవై ఒక్క నెలల్లో తెరిపిచ్చింది. షిన్‌జియాంగ్‌లో రోజులు ఇంకా బిగుసుకున్నాయి. 2017 నుంచి తోహ్తీ ఇంట్లోవాళ్లకి ఆయన ఊసు లేదు. ఎలా ఉన్నారో కాదు, ఉన్నారో లేరో తెలియదు. అదే ఏడాది డిసెంబర్‌లో రాహిలే దావుత్ అనే జానపద సాహిత్యం ప్రొఫెసర్ కనబడకుండా పోయారు. ఆవిడ ప్రభుత్వాన్ని ఒక్క మాట అన్న మనిషి కాదు, ఊళ్లు తిరిగి దర్గాల దగ్గర పాటలూ కథలూ రాసుకున్న మనిషి. ఆవిడకీ యావజ్జీవమేనని ప్రపంచానికి తెలిసింది 2023లో.

2019లో యూరోపియన్ పార్లమెంటు తోహ్తీకి మానవ హక్కుల కోసం ఇచ్చే సఖరోవ్ బహుమతి ఇచ్చింది. స్ట్రాస్‌బర్గ్‌లో అందుకున్నది ఆ ఎయిర్‌పోర్టు పిల్లే. ఆ ఫొటోలో ఆ అమ్మాయి మొహం చూసి నేను ముందు అనుకున్నది, తిండి సరిగా తింటుందో లేదో అని. తల్లి బుద్ధి, ఏం చేస్తాం.

ఇప్పుడు నా సంగతి. ముందే చెబుతున్నాను, పోలిక తేవటం లేదు. నాకు ఎవరూ సంకెళ్లు వేయలేదు. నాకు టీ ఇచ్చారు.

2020 ఫిబ్రవరి. నేను పనిచేసే ప్రైవేటు కాలేజీ పేరు రాయను. డిగ్రీ రెండో ఏడాది, నిరుద్యోగం చాప్టర్. సీజనల్ నిరుద్యోగానికి మా ఊళ్లో ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, మిర్చి సీజన్‌లో సగం క్లాసు యార్డులోనే ఉంటుంది. ఆ రోజు బోర్డు మీద పట్టిక వేశాను. జాతీయ నమూనా సర్వే ప్రకారం 2011-12లో నిరుద్యోగం 2.2 శాతం. 2017-18లో 6.1. సర్వే పద్ధతి కొంచెం మారింది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టేటప్పుడు జాగ్రత్త అని కూడా చెప్పాను. ఆ రెండో అంకె ఉన్న రిపోర్టు సిద్ధమయ్యాక కూడా నెలల తరబడి బయటికి రాలేదని, దానికి నిరసనగా జాతీయ గణాంక కమిషన్‌లో ఇద్దరు సభ్యులు 2019 జనవరిలో రాజీనామా చేశారని, చివరికి ఎన్నికలయ్యాక మే 31న విడుదల చేశారని చెప్పాను. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. "అంకె నచ్చకపోతే మనం మారాలి గానీ అంకెని దాచకూడదు" అన్నాను. క్లాసులో రెండు చప్పట్లు పడ్డాయి. పిల్లలు దేనికైనా కొడతారు.

కిటికీ పక్కన మూడో బెంచీలో ఒకబ్బాయి చేతిలో ఫోను ఉండటం చూశాను. వాట్సాప్ చూసుకుంటున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కరెస్పాండెంట్ గారి గదికి రమ్మన్నారు. నిమిషంన్నర ముక్క. చప్పట్లతో సహా నా గొంతు ఆయన ఫోనులోంచి వినిపించింది. ఎన్ని గ్రూపులు తిరిగి వచ్చిందో. "మీరు సీనియర్, మీకు చెప్పేంతవాళ్లం కాదు మేడమ్. కానీ రోజులు చూస్తున్నారుగా. సిలబస్‌లో ఉన్నది చెబితే చాలదూ?" గట్టిగా కూడా అనలేదు పాపం. టీ వచ్చింది. "సరే సార్" అన్నాను. దానికి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. గదిలోంచి బయటికొచ్చి నోట్స్ పుస్తకంలో ఆ రెండో అంకె మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశాను. పెన్సిల్‌తోనే ఎందుకంటే తర్వాత చెరపొచ్చని. చెరపలేదు. వచ్చే బ్యాచిలకి 2011-12 దగ్గర ఆపేశాను. "తర్వాతది మేడమ్?" అంటే "సిలబస్‌లో లేదు" అన్నాను.

ఉద్యోగం పోతుందన్న భయం వారం రోజుల్లో పోయింది. పోనిది ఇంకోటి. బోర్డు వైపు తిరిగితే వీపు మీద ఎవరో చూస్తున్నట్టు ఉండేది. నలభై మంది పిల్లల్లో ఎవరు? ఆ మూడో బెంచీ అబ్బాయే అని మనసులో రాసేసుకున్నాను. విచారణ లేదు, వాంగ్మూలం లేదు, తీర్పు మాత్రం ఉంది. కొన్నాళ్లకి వాడు పీజీ అడ్మిషన్ కోసం లెటర్ రాసివ్వమని వచ్చాడు. ఖాళీ లేదన్నాను. వరండాలో నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితం చుట్ట చుట్టుకుని, "రేపు రానా మేడమ్?" అన్నాడు. "చూద్దాం" అన్నాను. నా "చూద్దాం"కి అర్థం ఏమిటో మా ఇంట్లోవాళ్లకి, మా స్టూడెంట్లకి అందరికీ తెలుసు.

అందుకే తోహ్తీ స్టూడెంట్లు ఆయనకి వ్యతిరేకంగా వాంగ్మూలాలిచ్చారని చదివినప్పుడు నేను వాళ్లని ఒక్క మాట అనలేకపోయాను. లాకప్‌లో కూర్చోబెట్టి కాగితం ముందు పెడితే ఇరవై ఏళ్ల పిల్లలు ఏం చేస్తారు? లాకప్ లేదు, కాగితం లేదు, ఒక టీ గ్లాసుకే నేను ఒక పిల్లాణ్ని ఇచ్చేశాను.

పోయిన నెల లాడ్జి సెంటర్‌లో బీపీ మాత్రలు కొనుక్కుని వస్తుంటే "నమస్తే మేడమ్" అని వెనకనుంచి. పొట్ట వచ్చింది, గుర్తు పట్టటానికి క్షణం పట్టింది. మూడో బెంచీ. కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తున్నాడట, పెళ్లయిందట. వెళ్లిపోతాడేమో అనుకుంటే నిలబడ్డాడు. "మీకొకటి చెప్పాలి మేడమ్, చాలా రోజుల్నించి."

వాడి ఫ్రెండు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసేవాడట. సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే కాలేజీకి రావటం కుదరదు కదా. వాడి కోసం నా క్లాసులన్నీ రికార్డు చేసి పంపేవాడట. ఆ ఫ్రెండు రాత్రిపూట తూకాల చిట్టాలు రాసుకుంటూ చెవిలో పెట్టుకుని వినేవాడట. ఆ ఒక్కరోజు పాఠంలో ఒక ముక్క బావుందని వాడు కత్తిరించి యార్డు కుర్రాళ్ల గ్రూపులో పెట్టాడు. "మా మేడమ్" అని గొప్పకి. అక్కణ్నించి ఎవరి బాబాయికో, ఎవరి పెదనాన్నకో వెళ్లింది. "మిమ్మల్ని పిలిచారని తెలిశాక మీ మొహం చూట్టానికి భయమేసింది మేడమ్. చెబుదామనే లెటర్ వంకతో వచ్చాను" అన్నాడు.

అంటే ఆరోజు వరండాలో వాడు నిలబడింది లెటర్ కోసం కాదు.

నేనేమన్నానో సరిగ్గా గుర్తు లేదు. పిల్లలెంతమంది అని అడిగినట్టున్నాను, పెళ్లయి ఆర్నెల్లే అయిందని చెప్పాక కూడా. వాడు నవ్వి, "ఆ క్లాసు మొత్తం నా దగ్గర ఇంకా ఉంది మేడమ్, పాత ఫోనులో. పంపనా?" అన్నాడు.

ఆదివారం పంపాడు. నలభై ఒక్క నిమిషాలు. అమ్మాయితో వీడియో కాల్ అయిపోయాక, మా ఆయన పడుకున్నాక, వంటింట్లో కూర్చుని విన్నాను. ఫ్యాను కిర్రు కిర్రుమని చప్పుడు. నా గొంతు ఇప్పటికన్నా పల్చగా, కొంచెం గర్వంగా కూడా ఉంది. 2.2, 6.1. చప్పట్లు. కరెస్పాండెంట్ గారి ఫోనులో విన్న ముక్క అక్కడితో ఆగిపోతుంది. ఇందులో ఆగలేదు. పట్టణాల్లో 15 నుంచి 29 ఏళ్ల ఆడపిల్లల అంకె కూడా చెప్పాను, 27.2 శాతం. ఆ సంగతి నేనే మర్చిపోయాను.

ముప్పై తొమ్మిదో నిమిషంలో ఒక ఆడపిల్ల గొంతు, దూరంగా, వెనక బెంచీల్లోంచి. "మేడమ్, మరి ఆ ఇరవై ఏడులో మేమూ ఉంటామా?" కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. మంచి ప్రశ్న అన్నాను. సర్వేవాళ్లు ఎవర్ని నిరుద్యోగి అంటారో, పని వెతకటం మానేసిన వాళ్లని ఏ లెక్కలో వేస్తారో చెప్పటం మొదలుపెట్టాను. సగంలో బెల్లు మోగింది. బెంచీలు జరిగిన చప్పుడు. దాని మధ్యలో నా గొంతు, "కూర్చోమ్మా, రేపు చెప్తాను."

ఆ మర్నాడు టీ తాగి క్లాసుకి వెళ్లి, అటెండెన్స్ వేసి, ఇండెక్స్ నంబర్స్ చాప్టర్ మొదలుపెట్టాను.